కులపతి ధర్మం

పాఠ్యభాగ ఉద్దేశం

విద్యాలయాలు భవనాలతోనే నిలువవు. వాటిని నడిపేవారి దక్షత, ధర్మనిష్ఠ, దూరదృష్టి వాటికి పునాదులు. వర్ధమాన దేశాలలోని విశ్వవిద్యాలయాలు, కళాశాలలు ఎదుర్కొనే సమస్యలను, వాటి నిర్వహణలో నాయకత్వానికి ఉన్న స్థానాన్ని నెల్లూరు తీరప్రాంత నేపథ్యంలో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

పదం వెనుక ధర్మం

మహాభారత కథ నైమిశారణ్యంలో ఆరంభమవుతుంది. అక్కడ శౌనక మహర్షి పన్నెండేళ్ల సత్రయాగం చేస్తున్న సమయంలో సూతుడు వచ్చి మునులకు భారత కథను వినిపించాడు. ఆ శౌనకుణ్ణి 'కులపతి' అని పేర్కొనడం సంప్రదాయం. పదివేలమంది శిష్యులకు అన్నపానాదులు సమకూర్చి పోషిస్తూ, వారికి విద్య చెప్పేవాడు కులపతి అని మన పూర్వులు నిర్వచించారు.

ఈ నిర్వచనంలో రెండు ధర్మాలు ఇమిడి ఉన్నాయి. మొదటిది పోషణ. ధాన్యం, ధనం, వసతి, రక్షణ సమకూర్చడం దాని పని. రెండవది బోధన. శిష్యుని బుద్ధిని మేల్కొలిపి, సత్యాన్ని వెదికే శక్తిని కలిగించడం దాని పని. నేటి పరిభాషలో మొదటిదాన్ని నిర్వహణ అనీ, రెండవదాన్ని విద్యా నాయకత్వమనీ అంటున్నాం. ప్రాచీనులు ఈ రెండింటినీ వేరుచేయలేదు. కేవలం అన్నం పెట్టేవాడు దాత అవుతాడు. కేవలం పాఠం చెప్పేవాడు గురువు అవుతాడు. రెండు భారాలనూ ఒకే భుజాన మోసేవాడు మాత్రమే కులపతి.

నేడు విశ్వవిద్యాలయ ఛాన్సలరును కులపతి అనీ, వైస్ ఛాన్సలరును ఉపకులపతి అనీ వ్యవహరిస్తున్నాం. రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో అధికభాగానికి గవర్నరు కులపతి. అయితే పోషణ బోధనల నిత్యభారం ఉపకులపతి మీదనే ఉంటుంది. కళాశాలలో ఆ భారం ప్రిన్సిపాలు వహిస్తారు. పదవి పేరు ఏదైనా, పని మాత్రం శౌనకుని పనే.

సింహపురి సీమలో విద్య

నెల్లూరుకు విక్రమసింహపురి అని ప్రాచీన నామం. పదమూడవ శతాబ్దంలో ఆ నగరాన్ని ఏలిన మనుమసిద్ధికి తిక్కన మంత్రి. ఆంధ్ర మహాభారతంలో విరాటపర్వం మొదలుకొని పదిహేను పర్వాలను తెలుగు చేసిన మహాకవి ఆయనే. రాజ్యభారం వహించే మంత్రి, ధర్మసూక్ష్మాన్ని చెప్పగల కవి ఒకే వ్యక్తిలో రూపుదాల్చిన సీమ ఇది. పాలనాదక్షత, విద్వత్తు పరస్పర విరుద్ధాలు కావని చెప్పడానికి ఈ నేలపై ఇంతకంటె వేరే నిదర్శనం అక్కరలేదు.

ఈ సీమకు తూర్పున సుదీర్ఘమైన సముద్రతీరం ఉంది. కావలి సమీపాన జువ్వలదిన్నె, పెన్న సముద్రంలో కలిసే ప్రాంతానికి చేరువలో మైపాడు, దక్షిణాన ముత్తుకూరు, కృష్ణపట్నం ఈ తీరాన ప్రసిద్ధమైన ఊళ్లు. తీరం వెంబడి బకింగ్‌హాం కాలువ సాగుతుంది. చేపల వేట, ఉప్పు, రొయ్యల సాగు, మొలగొలుకులకు పేరుపొందిన వరి సేద్యం ఇక్కడి వారికి జీవనాధారాలు.

ఉన్నత విద్య ఈ ప్రాంతానికి అంచెలంచెలుగా వచ్చింది. 1920లో వెంకటగిరి సంస్థానాధీశుల పోషణతో నెల్లూరులో వి.ఆర్. కళాశాల వెలసింది. 1951లో కావలిలో విశ్వోదయ సంస్థ పక్షాన జవహర్ భారతి కళాశాల ఆరంభమైంది. దొడ్ల రామచంద్రారెడ్డి దానికి ఆద్యులు. 1954లో తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఏర్పడగా నెల్లూరు జిల్లా దాని పరిధిలో ఉండేది. 1991లో ముత్తుకూరులో మత్స్యశాస్త్ర కళాశాల నెలకొన్నది. 2008లో జిల్లాకు సొంత విశ్వవిద్యాలయం లభించింది. దానికి విక్రమ సింహపురి విశ్వవిద్యాలయమని పేరు పెట్టారు. తొలుత నెల్లూరు పట్టణంలో నడిచిన ఆ సంస్థకు ఆ తరువాత వెంకటాచలం మండలంలోని కాకుటూరు వద్ద సొంత ప్రాంగణం ఏర్పడింది.

పట్టణంలో సంస్థానాధీశుల పోషణ, కావలిలో విద్యాభిమానుల పూనిక, ముత్తుకూరులో, కాకుటూరులో ప్రభుత్వ సంకల్పం ఈ సంస్థలకు జన్మనిచ్చాయి. అయితే జన్మనివ్వడం ఒక ఎత్తు, పెంచి పెద్దచేయడం ఒక ఎత్తు.

వర్ధమాన దేశాల కష్టం

ఆసియా, ఆఫ్రికా ఖండాలలో అనేక దేశాలు ఇరవయ్యవ శతాబ్ది మధ్యకాలంలో స్వాతంత్య్రం పొందాయి. పరపాలనలో కొద్దిమంది ఉద్యోగులను తయారుచేయడానికి ఏర్పడిన విద్యాలయాల నుండి కొత్త ప్రభుత్వాలు వైద్యులను, ఇంజనీర్లను, ఉపాధ్యాయులను, శాస్త్రజ్ఞులను వేలాదిగా ఆశించాయి. విద్యార్థుల సంఖ్య పెరిగింది. దానికి తగినట్లు ధనం పెరగలేదు.

భారతదేశంలో మరొక చిక్కు ఉంది. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసులలో స్థాపించిన విశ్వవిద్యాలయాలు ఆనాటి లండన్ విశ్వవిద్యాలయాన్ని ఆదర్శంగా గ్రహించాయి. పాఠం చెప్పేది కళాశాల; పరీక్ష జరిపి పట్టా ఇచ్చేది విశ్వవిద్యాలయం. ఈ అనుబంధ పద్ధతి నేటికీ కొనసాగుతున్నది. తత్ఫలితంగా ఉపకులపతి కాలంలో అధికభాగం అనుబంధ కళాశాలల గుర్తింపు, ప్రశ్నపత్రాలు, ఫలితాలు, వివాదాల పరిష్కారంలోనే గడచిపోతుంది. గ్రంథాలయం గురించీ, పరిశోధన గురించీ ఆలోచించడానికి వ్యవధి మిగలదు.

ఆఫ్రికా ఖండంలోని ఉగాండా దేశపు మకెరెరె విశ్వవిద్యాలయ చరిత్ర ఈ సందర్భంలో గమనింపదగినది. 1922లో చిన్న వృత్తివిద్యాశాలగా పుట్టిన ఆ సంస్థ తూర్పు ఆఫ్రికాకే తలమానికమైంది; 1970లో స్వతంత్ర విశ్వవిద్యాలయమైంది. 1971 నుండి 1979 వరకు సాగిన ఇదీ అమీన్ నిరంకుశ పాలనలో అనేకమంది ఆచార్యులు దేశం విడిచి వెళ్లారు. జీతాలు చాలక మిగిలినవారు కూడా ఇతర పనులు వెదుక్కోవలసి వచ్చింది. 1990 దశకంలో విశ్వవిద్యాలయ నాయకత్వం సాహసించి, రుసుము చెల్లించే విద్యార్థులను చేర్చుకొని, సాయంకాల తరగతులు ఆరంభించింది. ఆ దశాబ్దం ముగిసేసరికి రుసుము చెల్లించే విద్యార్థులే అధికసంఖ్యాకులయ్యారు. ఆదాయం పెరిగింది, అధ్యాపకులు తిరిగి తరగతి గదికి చేరారు. ప్రపంచం దానిని ప్రశంసించింది.

కాని, కొంతకాలానికి మరొక సమస్య తలెత్తింది. ఆదాయం కోసం విభాగాలు ఒకదానితో ఒకటి పోటీపడి కొత్త కోర్సులు తెరిచాయి. తరగతులు కిక్కిరిశాయి, పరిశోధన వెనుకబడింది. ఈ పరిణామాన్ని అక్కడి మేధావి మహమూద్ మమ్దానీ 2007లో వెలువడిన తన గ్రంథంలో తీవ్రంగా విమర్శించారు. పోషణకు మార్గం దొరికినా బోధన పలుచబడితే విద్యాలయం నష్టపోతుందని ఈ చరిత్ర హెచ్చరిస్తున్నది.

ఆంధ్ర విశ్వవిద్యాలయం నేర్పిన పాఠం

ధనం తక్కువగా ఉన్నప్పుడు సైతం పోషణ బోధనలు రెండింటినీ నిలిపిన నాయకత్వం తెలుగునాట లేకపోలేదు. 1926లో బెజవాడ కేంద్రంగా ఆంధ్ర విశ్వవిద్యాలయం స్థాపితమైంది. కేంబ్రిడ్జిలో చదివి, మైసూరు సంస్థాన విద్యాశాఖలో అనుభవం గడించిన కట్టమంచి రామలింగారెడ్డి దానికి తొలి ఉపకులపతి. 'కవిత్వతత్త్వ విచారము' రచించిన విమర్శకులు కూడా ఆయనే. విశ్వవిద్యాలయ కేంద్రం ఎక్కడ ఉండాలన్న విషయమై తెలుగు జిల్లాల మధ్య తీవ్రమైన వివాదం చెలరేగింది. చివరకు 1930లో కేంద్రం వాల్తేరుకు మారింది.

అదే సంవత్సరం ఉప్పు సత్యాగ్రహం దేశమంతటా సాగింది. ప్రభుత్వం అవలంబించిన దమననీతికి నిరసనగా రామలింగారెడ్డి పదవికి రాజీనామా ఇచ్చారు. తాను పెంచిన సంస్థ, తాను కూర్చున్న పీఠం, రెండూ ప్రియమైనవే. అయినా అంతరాత్మను తాకట్టు పెట్టి పీఠాన్ని అంటిపెట్టుకొని ఉండడం ఆయనకు సమ్మతం కాలేదు. గురుస్థానంలో ఉన్నవాని నడవడియే శిష్యులకు తొలి పాఠమని ఆయన చేతలతో చూపారు.

1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉపకులపతి అయ్యారు. ఆయన ప్రధానంగా చేసిన పని యోగ్యులను వెదకి రప్పించడం. హుమాయూన్ కబీర్, హిరేంద్రనాథ్ ముఖర్జీ వంటి యువ మేధావులు వాల్తేరులో అధ్యాపకులయ్యారు. రసాయన శాస్త్రంలో టి.ఆర్. శేషాద్రి, భౌతిక శాస్త్రంలో సూరి భగవంతం ఆ విశ్వవిద్యాలయానికి కీర్తి తెచ్చారు. జయపురం మహారాజా విక్రమదేవవర్మ ఏటా లక్ష రూపాయల వంతున ఇచ్చిన విరాళంతో విజ్ఞాన, సాంకేతిక విద్యలకు కళాశాల వెలసింది. దాత ఇచ్చిన ధనం ప్రయోగశాలగా, ప్రయోగశాల పరిశోధనగా పరిణమించడానికి తగిన ఆచార్యులు అక్కడ సిద్ధంగా ఉన్నారు.

1936లో రామలింగారెడ్డి తిరిగి ఉపకులపతి అయి 1949 వరకు కొనసాగారు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1942లో, విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలవలసి వచ్చింది. భవనాలు విడిచి వెళ్లినా విశ్వవిద్యాలయం ఆగలేదు. యుద్ధానంతరం అది తిరిగి వాల్తేరు చేరింది.

ఈ చరిత్రలో అంతగా ఎవరూ గుర్తించని విశేషం ఒకటుంది. రామలింగారెడ్డి వేసిన పునాదిపై రాధాకృష్ణన్ కట్టారు. రాధాకృష్ణన్ కట్టినదానిని రామలింగారెడ్డి పెంచారు. ఒకరి పనిని మరొకరు పడగొట్టలేదు. తనకు ముందువాని పనిని గౌరవించి, తన తరువాతివానికి పని మిగిల్చి వెళ్లడం నాయకత్వ లక్షణాలలో ఉత్తమోత్తమమైనది. 1991 నాటి ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయాల చట్టం ఉపకులపతి పదవీకాలాన్ని మూడేళ్లుగా నిర్ణయించింది. మూడేళ్లలో మొక్క నాటవచ్చునే కాని మహావృక్షాన్ని చూడలేం. కనుక ఈ పరంపరాభావం నేడు మరింత అవసరం.

తీరానికి తగిన విద్య

నాయకుడు నిర్ణయించవలసిన వాటిలో ముఖ్యమైనది ఏమి బోధించాలన్నది. ప్రతి విశ్వవిద్యాలయం అన్ని విద్యలూ చెప్పజాలదు. తానున్న నేలకు ఏది అత్యవసరమో గ్రహించి దానిలో శ్రేష్ఠతను సాధించడం వివేకం.

1990 దశకం తొలినాళ్లలో నెల్లూరు తీరాన రొయ్యల సాగు విస్తరించింది. వరి పొలాలు చెరువులయ్యాయి. లాభాలు చూసి చిన్న రైతులు సైతం అప్పులు చేసి చెరువులు తవ్వారు. 1994-95 ప్రాంతంలో తెల్లమచ్చల వ్యాధి సోకి చెరువులు ఖాళీ అయ్యాయి. మరొకవైపు, ఉప్పునీటి వల్ల తాగునీరు, పంటపొలాలు చెడుతున్నాయన్న ఫిర్యాదులపై 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంత రొయ్యల పరిశ్రమపై కఠినమైన తీర్పు వెలువరించింది. 2005లో తీరప్రాంత ఆక్వాసాగు ప్రాధికార సంస్థ కోసం పార్లమెంటు చట్టం చేసింది.

ఒక తీరం ఇంతటి సంక్షోభంలో చిక్కుకున్నప్పుడు దానికి కావలసినది నీటిని పరీక్షించగలవారు, వ్యాధిని గుర్తించగలవారు, చట్టాన్ని వివరించగలవారు. అందుచేతనే ముత్తుకూరు మత్స్యశాస్త్ర కళాశాల, విక్రమ సింహపురి విశ్వవిద్యాలయంలోని సముద్ర జీవశాస్త్ర విభాగం వంటివి కేవలం పట్టాలిచ్చే చోట్లు కావు. అవి రైతుకు, మత్స్యకారునికి, శాస్త్రానికి మధ్య వారధులు. అట్లే తిక్కన నడయాడిన నేలలో ప్రాచీన సాహిత్య అధ్యయనం కూడా తగినదే. చెరువు గట్టు మీద నిలిచిన రైతు ప్రశ్న ప్రయోగశాలకు చేరాలి. ప్రయోగశాల సమాధానం తిరిగి గట్టుకు చేరాలి. ఆ రాకపోకలకు బాట వేయడం నాయకుని బాధ్యత.

చిన్న పనుల పెద్దతనం

నాయకత్వమంటే మహోపన్యాసాలు, శంకుస్థాపనలు అని కొందరు భ్రమిస్తారు. వాస్తవానికి సంస్థ ఆరోగ్యం చిన్న పనులలో తెలుస్తుంది.

తీరగ్రామంలోని మత్స్యకార కుటుంబం నుండి తొలిసారిగా కళాశాలకు వచ్చిన ఒక విద్యార్థినిని ఊహించుకుందాం. తండ్రి వేటకు వెళ్లిన రోజునే ఇంట పొయ్యి వెలుగుతుంది. ఆమె తెల్లవారుజామున బస్సెక్కి తరగతికి వస్తుంది. అధ్యాపకుని పోస్టు ఏళ్ల తరబడి ఖాళీగా ఉంటే ఆమెకు ఆ పాఠం లేదు. పరీక్షా ఫలితాలు ఆలస్యమైతే పై చదువు ప్రవేశానికి గడువు దాటిపోతుంది. ఉపకారవేతనం అందకపోతే రుసుము కోసం అప్పు పుడుతుంది. వసతిగృహంలో నీరు, మరుగుదొడ్డి, భద్రత సరిగా లేకపోతే ఆమె చదువు మానుకొని ఇంటికి చేరుతుంది. సంపన్నుని బిడ్డకు ఇవి అసౌకర్యాలు. ఆమెకు ఇవి జీవితాన్నే మలుపు తిప్పే ఘటనలు. పైవారికి ఒక కాగితం ఆలస్యమే కావచ్చు. ఆమెకు మాత్రం ఒక సంవత్సరం పోతుంది.

కనుక సమర్థ నిర్వహణకు కొన్ని సూత్రాలు అవసరం. విద్యాసంవత్సరం ఆరంభంలోనే పరీక్షల, ఫలితాల తేదీలను ప్రకటించి పాటించాలి. ఖాళీలను ముందుగానే గుర్తించి, యోగ్యతను బట్టి నియామకాలు జరపాలి. వచ్చిన ధనం, వెచ్చించిన ధనం అందరికీ తెలియాలి. ఫిర్యాదు చేసిన విద్యార్థికి నిర్ణీత గడువులో సమాధానం అందాలి. అధ్యాపకుడు తరగతికి వెళ్లేదీ లేనిదీ, గ్రంథాలయం తెరిచేదీ లేనిదీ ప్రిన్సిపాలు స్వయంగా నడిచి చూసి తెలుసుకోవాలి. వీటిలో ఏదీ అధిక ధనం కోరేది కాదు. ఇవి కోరేది నిత్యజాగరూకత.

స్వేచ్ఛ, జవాబుదారీతనం

1948లో కేంద్ర ప్రభుత్వం రాధాకృష్ణన్ అధ్యక్షతన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్‌ను నియమించింది. ప్రభుత్వం విద్యకు ధనసహాయం చేయడం వేరు, విద్యాలయ ఆలోచనలను శాసించడం వేరు అన్నది ఆ కమిషన్ నివేదికలోని ముఖ్యభావం. అటు తరువాత 1964-66 నాటి కొఠారీ కమిషన్ యోగ్యమైన కళాశాలలకు స్వయంప్రతిపత్తి ఇవ్వాలని సూచించింది. 1994లో కళాశాలల, విశ్వవిద్యాలయాల నాణ్యతను మదింపు చేయడానికి న్యాక్ సంస్థ ఏర్పడింది.

స్వేచ్ఛ కోరే సంస్థ జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండాలి. లెక్క చెప్పని స్వేచ్ఛ దుర్వినియోగానికి దారితీస్తుంది. స్వేచ్ఛ లేని లెక్కలు కాగితాల కట్టలుగా మిగులుతాయి. మదింపు బృందం వచ్చే నెలలో మాత్రమే గోడలకు సున్నం, గ్రంథాలయానికి పుస్తకాలు వచ్చే కళాశాల ఎవరిని మోసగిస్తున్నది? తన విద్యార్థులనే.

పోషణ లేని బోధన నిలువదు. బోధన లేని పోషణ వ్యర్థం. ఈ రెండింటినీ కలిపి మోయగలవారు ఉన్నచోట చిన్న కళాశాల సైతం వెలుగుతుంది. నేటి విద్యార్థులలోనే రేపటి ప్రిన్సిపాళ్లు, ఉపకులపతులు ఉన్నారు. ఆ పీఠం ఎక్కిననాడు, తెల్లవారుజామున తీరగ్రామం నుండి బస్సెక్కి వచ్చే విద్యార్థినిని వారు మరువకుందురు గాక!

కఠిన పదాలకు అర్థాలు

సత్రయాగం : బహుదినాలు సాగే యజ్ఞం
దక్షత : సామర్థ్యం
వర్ధమాన : అభివృద్ధి చెందుతున్న
ఆద్యులు : మొదటివారు, ఆరంభించినవారు
తలమానికం : శిరోరత్నం, మిక్కిలి శ్రేష్ఠమైనది
దమననీతి : అణచివేసే విధానం
పరంపర : వరుస, ఒకరి తరువాత ఒకరుగా సాగడం
వారధి : వంతెన
మదింపు : విలువ కట్టడం
జాగరూకత : మెలకువ, అప్రమత్తత

అభ్యాసం

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. 'కులపతి' పద నిర్వచనం ఆధారంగా విద్యాలయ నాయకుని ధర్మాలను వివరించండి.
2. ఆంధ్ర విశ్వవిద్యాలయ తొలినాటి చరిత్ర నుండి గ్రహించదగిన నాయకత్వ లక్షణాలను చర్చించండి.

II. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. అనుబంధ పద్ధతి వల్ల విశ్వవిద్యాలయాలకు కలిగే ఇబ్బంది ఏమిటి?
2. మకెరెరె విశ్వవిద్యాలయ చరిత్ర చేస్తున్న హెచ్చరికను తెలపండి.
3. నెల్లూరు తీరానికి మత్స్యశాస్త్ర విద్య ఎందుకు అవసరమో వివరించండి.

III. ఏకపద / ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. తిక్కన ఏ రాజు వద్ద మంత్రి?
2. ఆంధ్ర విశ్వవిద్యాలయ తొలి ఉపకులపతి ఎవరు?
3. జవహర్ భారతి కళాశాల ఎక్కడ ఉంది?
4. విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఏ సంవత్సరంలో ఏర్పడింది?

IV. సంధులు
విద్యాలయం = విద్యా + ఆలయం : సవర్ణదీర్ఘ సంధి
ఉత్తమోత్తమం = ఉత్తమ + ఉత్తమం : గుణసంధి
అత్యవసరం = అతి + అవసరం : యణాదేశ సంధి

V. సమాసాలు
సముద్రతీరం : సముద్రం యొక్క తీరం : షష్ఠీ తత్పురుష సమాసం
ధర్మనిష్ఠ : ధర్మమునందు నిష్ఠ : సప్తమీ తత్పురుష సమాసం
పోషణ బోధనలు : పోషణయు, బోధనయు : ద్వంద్వ సమాసం

VI. ప్రాజెక్టు పని
మీ కళాశాల ఏ సంవత్సరంలో, ఎవరి కృషితో ఆరంభమైందో పెద్దలను అడిగి తెలుసుకొని, దాని అభివృద్ధి క్రమాన్ని రెండు పుటలలో రాయండి.